పొగమంచు పరిశీలనలో ఉంది

వాన కురవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్న దురభిప్రాయం మానవజాతిలో చాలాకాలంగా పాతుకుపోయి ఉంది. దాన్ని పెకలించిన ఘనత ఒక పళ్ళ డాక్టరమ్మ క్లినిక్కులోని వెయిటింగ్ రూముకు దక్కుతుంది.

ఆదివారం సాయంత్రాలు ఆ గదిలో రోగులుండరు. పత్రికలు పెట్టే బల్లను మధ్యకు లాక్కుని డాక్టరమ్మ, ఆమె చెల్లెలు, బావగారు, పక్క కొట్టు టైలరుగారు సాహసయాత్ర ఆడుకుంటారు. ఆట సులువే. డాక్టరమ్మ సూత్రధారి, కథ నడుపుతుంది. మిగతా ముగ్గురూ తలో పాత్ర పట్టి, తామేం చేస్తారో నోటితో చెబుతారు. అది జరిగిందో లేదో పాచిక తేలుస్తుంది. బావగారంటే డాక్టరమ్మ భర్తకు అన్నగారు. బీమా కంపెనీలో క్లెయిములు తిరస్కరించే విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. ఆటలో గుర్రమెక్కిన వీరుడు. డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పే చెల్లెలు ఆటలో దొంగ. టైలరుగారు మాంత్రికుడు, కానీ మంత్రం వేయమంటే మొహమాటపడేవాడు.

సామగ్రికి కొదవలేదు. రోగుల పళ్ళకు తీసిన ప్లాస్టరు అచ్చులే కొండలూ కోటలూ. పటం గీసిన గుడ్డ, పాచికలు దొర్లించే ముఖమల్ పళ్ళెం టైలరుగారు కుట్టినవి. (పళ్ళెం అంచుకు జేబు కూడా పెట్టాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.)

"నీ రాజ్యంలో ఎప్పుడు చూసినా ఎండేనా అక్కా?" అని చెల్లెలు అన్నందుకు డాక్టరమ్మ ఎనిమిది ముఖాల వాతావరణ పాచిక కొనుక్కొచ్చింది. ఒక్కో ముఖాన ఒక్కో బొమ్మ: ఎండ, మబ్బు, జల్లు, గాలి, పొగమంచు, వడగళ్ళు, పిడుగు, తుపాను. మొదటిసారి వేయగానే తుపాను పడింది. ఏరు దాటుతున్న వీరుడి గుర్రం కాలుజారి కొట్టుకుపోయింది.

"పోనీలెండి బావగారూ, నడిస్తే ఒంటికి మంచిదేగా," అంది చెల్లెలు. అందరూ నవ్వారు. బావగారు నవ్వలేదు. ఆ గుర్రాన్ని అది పిల్లగా ఉన్నప్పుడే ఆయన సంపాదించి, ఆటలో రెండేళ్ళు మేపారు.

మరుసటి ఆదివారం ఆయన ఫైలుతో వచ్చారు.

"తుపాను రాలేదని నేననటం లేదమ్మాయ్. దాన్ని మంజూరు చేసిందెవరని అడుగుతున్నాను."

"పాచిక పడింది కదా బావగారూ."

"పాచికకు సంతకం పెట్టే అధికారం ఉందా?"

ఆ గదిలో దీనికి జవాబు చెప్పగలవాళ్ళు లేరు. (వకీళ్ళు వస్తారు గాని, పన్ను నొప్పి మీద వస్తారు.)

అలా వాతావరణ నిర్ణయ ఉపసంఘం పుట్టింది. బావగారు కార్యదర్శి. దేనికీ కాదనని మనిషి కాబట్టి టైలరుగారిని అధ్యక్షుణ్ణి చేశారు. ఆ సాయంత్రమే నియమావళి తయారైంది. పాచిక ఒకవైపుకే బరువు తూగడం లేదని వారం వారం ఉప్పునీళ్ళలో తేల్చి, దాని నిజాయితీని పరీక్షించాలి. (ఇందుకు కట్టుడుపళ్ళ గిన్నె కేటాయించారు.) వాన వారం ముందు నోటీసివ్వాలి. వడగళ్ళు ఎవరి నెత్తిన పడతాయో వారి అంగీకారం తీసుకోవాలి. పిడుగు తాను పడబోయే చోటు పూర్తి చిరునామాతో తెలియజేయాలి. గాలి మాత్రం ఫ్యాను రెండో నంబరు మించనంతవరకు స్వేచ్ఛగా వీయవచ్చు.

ఎండకు అనుమతి అక్కర్లేదు. కనుక రాజ్యంలో ఎప్పుడూ ఎండే కాసింది. బావులు ఇంకిపోయాయి. గుర్రాన్ని మింగిన ఏటిని వీరుడు చెప్పులు తడవకుండా దాటాడు. బురదలో కాపురముండే రాక్షసి బురద ఎండిపోవడంతో రోడ్డు మీదికొచ్చి, దగ్గరలో చెరువెక్కడుందని అడిగింది.

చెల్లెలి దొంగ మాత్రం కోట ఎదుట రాయి మీద కూర్చుంది. (కోట ఎవరిదో పెద్దాయన కింది దవడ.) లోపల రాజుగారి కిరీటముంది. పొగమంచు కమ్మితే తప్ప కావలివాళ్ళ కన్నుగప్పడం కుదరదు. పొగమంచుకు ఆమె ఎప్పుడో దరఖాస్తు పెట్టుకుంది.

"ఉద్దేశం దగ్గర 'దొంగతనం' అని రాశావు," అన్నారు బావగారు.

"దొంగని కదండీ. తీర్థయాత్ర అని రాయమంటారా?"

"నీ నిజాయితీ మెచ్చుకోదగ్గదే. పరిశీలనలో పెడదాం."

పరిశీలన సాగుతుండగా చెల్లెలికి బదిలీ వచ్చింది. డ్రైవింగ్ స్కూలువాళ్ళు దూరాన ఇంకో ఊళ్ళో శాఖ తెరుస్తూ ఆమెకు బాధ్యత అప్పగించారు. వచ్చే సోమవారమే ప్రయాణం. ఆ మాట విన్నప్పటి నుంచి డాక్టరమ్మకు చేతిలో పని సాగలేదు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కింద పడుకుని ఒకరు ఆపిన చోట ఇంకొకరు కథ అందుకునేవాళ్ళు. ఈ ఆట పెట్టిందే చెల్లెలి కోసం. అదేమో చివరి నెలలన్నీ రాయి మీద కూర్చుని గడిపింది.

డాక్టరమ్మ తిన్నగా బావగారింటికెళ్ళింది.

"బావగారూ, గుర్రం పోయిన రోజు మేం నవ్వకుండా ఉండాల్సింది."

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "నేను పిలిస్తే చెవులు నిక్కించేదని నువ్వే చెప్పావమ్మా, ఒకసారి కథలో. మర్చిపోయి ఉంటావు."

"మర్చిపోయాను."

"నేను మర్చిపోలేదు." కళ్ళజోడు పెట్టుకున్నారు. "ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఇలాంటి నష్టాలకు లేదు, కాదు అని రాశాను. నావరకు వస్తే గాని తెలియలేదు. పిల్ల దరఖాస్తు తీసుకురా, సంతకం పెట్టేస్తాను."

చివరి ఆదివారం కార్యదర్శి సంతకంతో పొగమంచు అధ్యక్షులవారి ముందుకు వచ్చింది. టైలరుగారు దాన్ని బట్ట నాణ్యం చూసినట్టు వెలుతురుకు ఎత్తి చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన్ని ఎవరూ దేనికీ అధ్యక్షుణ్ణి చేయలేదు. కొట్లో కొలతలు తప్పని కొట్లాడేవాళ్ళే గాని, 'అధ్యక్షా' అన్నవాళ్ళు లేరు.

"ఈ వారం పాచిక పరీక్ష కాలేదండీ," అన్నాడు మెల్లగా.

"పొద్దున్నే నా ప్రయాణం టైలరుగారూ," అంది చెల్లెలు.

"నాకు మాత్రం బాధ లేదా అమ్మా. కానీ నియమం కదా."

"ఆ నియమం రాసింది నేనేనయ్యా," అన్నారు బావగారు. "నేనే వద్దంటున్నాను."

"రాసినవాళ్ళు వద్దంటే పోయేది నియమం ఎలా అవుతుందండీ?"

అది ఒకప్పుడు బావగారి నోటి నుంచి రావాల్సిన మాట.

గిన్నెలో ఉప్పు కలిపారు. పాచిక మునిగింది. మరికాస్త ఉప్పు వేశారు. అది తేలి ఒకవైపుకు ఒరిగింది. ఎందుకు ఒరిగిందో విచారించాలన్నారు అధ్యక్షులవారు. ఓపిక నశించిన డాక్టరమ్మ, "పొగమంచు కమ్మింది, అంతే. నేను చెబుతున్నాను," అంది. అధ్యక్షులవారు నొచ్చుకున్న మొహంతో, సూత్రధారి కథ మాత్రమే చెప్పవచ్చుననీ, వాతావరణం కథ కిందికి రాదనీ గుర్తుచేశారు.

చెల్లెలు నవ్వి, లేచి, అక్కను గట్టిగా పట్టుకుంది. "ఎండలోనే వెళ్తానక్కా. ఏదైతే అదవుతుంది," అంది. దొంగ పట్టపగలు నడుచుకుంటూ కోటలోకి వెళ్ళింది. గుమ్మంలోనే దొరికిపోయింది. అయినా ఆ గదిలో అందరూ కలిసి నవ్వి చాలాకాలమైంది. ఆ నవ్వు వీధి దాకా వినబడింది. సోమవారం ఆమె బస్సెక్కింది. తర్వాతి ఆదివారం డాక్టరమ్మ బల్లను మధ్యకు లాగలేదు. బావగారు రాలేదు.

ఏడాది చివర ఉపసంఘం నివేదిక వెలువడింది. ఈ ఏడు ప్రతికూల వాతావరణం వల్ల ఏ ఆటగాడికీ ఏ నష్టమూ జరగలేదనీ, ఆటగాళ్ళు లేకపోవడం ఇందుకు ఎంతగానో తోడ్పడిందనీ అధ్యక్షులవారు అందులో సంతృప్తి వెలిబుచ్చారు.