బరువెక్కువైన ఇనుము

నూరు రోజుల్లో ప్రతి మల్లయోధుడి బలాన్నీ నాలుగింతలు చేస్తామని క్రీడల మంత్రిగారు ప్రకటించారు. మూడింతలు కాదు, అయిదింతలు కాదు, సరిగ్గా నాలుగింతలు. లెక్క తెలిసిన పెద్దమనిషి మాట అలాగే ఉంటుంది. పథకానికి ‘మహాబల సంకల్పం’ అని పేరు కూడా పెట్టేశారు కాబట్టి సగం పని ఆ పూటే అయిపోయింది.

ఆ ప్రకటన టీవీలో వస్తున్నప్పుడు వ్యాయామశాలలో మాస్టారు నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చుని, చిరిగిన కుస్తీ పరుపుకి గోనెపట్టా అతికి దబ్బనంతో కుడుతున్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఆ శాలలో కుస్తీ నేర్పుతున్న మనిషి. పట్లలో నలిగి నలిగి రెండు చెవులూ ముడుచుకుపోయాయి గానీ, వినవలసినవి బాగానే వినిపిస్తాయి, వినకూడనివి ఇంకా బాగా వినిపిస్తాయి.

“మావయ్యా, మంత్రిగారు నా బలం నాలుగింతలు చేస్తారట. ఇంక నేను పొద్దున్నే లేవక్కర్లేదా?” అంది తాడెక్కుతున్న మేనకోడలు, పైనుంచి.

“లేవాలి. ఆయన చేసేదాకా మనం చేసుకుంటూ ఉండాలి. దిగు, గుంజీలు మిగిలాయి.”

ఆ పిల్లని శాలలో అందరూ ‘ఉడుము’ అంటారు. చెయ్యి వేసిందంటే అవతలి మనిషి చొక్కా చిరగాలే తప్ప పట్టు వదలదు. పట్టయితే పుట్టుకతో వచ్చింది. రానిదల్లా కాళ్లలో, నడుంలో సత్తువ. కిందటేడు జట్టు ఎంపికలో ఆఖరి అరనిమిషంలో ప్రత్యర్థిని ఎత్తబోయి, మోకాళ్లు వణికి, ఒక్క పాయింటు తేడాతో ఓడి ఇంటికొచ్చింది. వచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. ఆ పిల్ల మూడు రోజులు నోరు మూసుకుందంటే ఎంత దెబ్బ తగిలి ఉండాలో, ఎరిగినవాళ్లకే తెలుస్తుంది. ఈసారి ఎంపిక నలభై రోజుల్లో ఉంది. వయసు నిబంధన ప్రకారం అదే చివరి అవకాశం. అందుకే మాస్టారు రోజూ ఇనపకడ్డీ భుజాలమీద పెట్టి గుంజీలు తీయించడం, నేలమీంచి బరువు నడుందాకా ఎత్తించడం, వారానికి రెండేసి కిలోలు పెంచడం మొదలుపెట్టారు.

వారం తిరక్కుండానే మంత్రిగారి పీయే దిగాడు. మనిషి అగ్గిపుల్లంత, చేతిలో ఫైలు దిండంత.

“మీ అదృష్టం పండింది మాస్టారూ! పథకం ఇక్కణ్ణించే ప్రారంభం. మంత్రిగారు స్వయంగా నూట అరవై కిలోలు ఎత్తుతారు.”

మాస్టారు దబ్బనం పక్కన పెట్టారు. “ఎన్నాళ్లనుంచి సాధన చేస్తున్నారండీ?”

“సాధన మనలాంటివాళ్లకి. ఆయనకి షెడ్యూలు ఉంటుంది.”

మర్నాడు నాటకాల వడ్రంగి ఒక బండి వేసుకుని వచ్చాడు. రంగస్థలానికి గదలూ, సింహాసనాలూ, అవసరమైతే కొండలూ చేసే పనివాడు. పల్చటి చెక్కతో ఒక కడ్డీ, ఎనిమిది చక్రాలు చేసి, నల్లరంగు వేసి, చక్రాలమీద తెల్ల అక్షరాలతో ‘20 కి.’ అని ముచ్చటగా రాసి తెచ్చాడు. అచ్చం ఇనుమే. తుప్పు మరకలు కూడా దిద్దాడు. పనిలో అంత శ్రద్ధ ఉన్నవాళ్లు ఈ రోజుల్లో ఎక్కడ?

శాల ఊడ్చే స్వీపరమ్మ దగ్గరికొచ్చి వేలితో కొట్టి చూసింది. “ఖాళీ డబ్బాలా మోగుతోందేంటి నాయనా?”

“మోగితే మోగింది. పగలదు. రాజుగారి సింహాసనం కూడా ఈ చెక్కే. పదిహేనేళ్లుగా కూర్చుంటున్నారు,” అన్నాడు వడ్రంగి నొచ్చుకుని.

అసలు ఇనుమంతా సామాన్ల గదిలో పెట్టించి, తాళం వేయించి, తాళంమీద లక్క సీలు కూడా వేయించాడు పీయే.

“ఇదెందుకండీ?” అన్నారు మాస్టారు.

“భద్రత. నిజం ఇనుము మంత్రిగారి దరిదాపుల్లో ఉండకూడదు. కాలిమీద పడితే ఎవరిది బాధ్యత? పథకం పూర్తయ్యేదాకా తాళంచెవి నా దగ్గరుంటుంది.”

“పథకం నూరు రోజులు. పిల్ల పోటీ నెలరోజుల్లో. ఈలోపు దేన్ని ఎత్తాలి?”

“ఇవి ఉన్నాయిగా!” అంటూ పీయే చెక్క చక్రాలు చూపించాడు. “పైగా తేలిక.”

ప్రారంభోత్సవం నాడు చూడాలి వైభోగం! గోడలనిండా పోస్టర్లు. ‘నూట పది కిలోల నిలువెత్తు బలం మన మంత్రిగారు’ అని వాటిమీద రాసి ఉంది. రాసినట్టే వచ్చారు. తలుపంత ఛాతీ, దానికి తగ్గ భుజాలు, వాటిమీద నీలంరంగు ట్రాక్‌సూటు. కడ్డీ దగ్గరికి నడిచి, కళ్లు మూసుకుని, పళ్లు బిగించి, ఒక్క ఊపులో నూట అరవై కిలోలూ నెత్తిమీదికి ఎత్తేశారు.

చప్పట్లే చప్పట్లు. ఎత్తిన బరువు దించకుండానే ఇరవై నిమిషాలు ఉపన్యసించారు. మధ్యలో ముక్కు దురద పెడితే కడ్డీని ఒంటిచేతికి మార్చుకుని గోక్కున్నారు కూడా. అంతటి నిరాడంబరుడు.

కానీ మాస్టారు చూస్తున్నది ఆయన చేతుల్ని కాదు, మొహాన్ని. పళ్లు బిగించినప్పుడు ఆ మొహంలో నిజమైన భయం ఉంది. బరువు లేచాక నిజమైన ఆశ్చర్యం వచ్చింది. ఆ తర్వాత, పసిపిల్ల మొదటి అడుగు వేసినప్పుడు చూడండి, అలాంటి ఆనందం.

మాస్టారు పీయే చెవిలో అడిగారు. “ఆయనకి అవి చెక్కవని చెప్పలేదా?”

“చెప్పే సందర్భం రాలేదు,” అన్నాడు పీయే చప్పట్లు కొడుతూనే.

ఆ తర్వాత పథకం సామగ్రి వచ్చింది. ‘మహాబల మార్గదర్శిని’ పుస్తకాలు, పద్నాలుగు పెట్టెలు. నున్నటి దళసరి కాగితం. మొదటి నలభై పేజీల్లో మంత్రిగారి ఫొటోలు, చివరి పేజీలో ‘గాలి బాగా పీల్చవలెను’ అనే వ్యాయామం. మాస్టారు ఒక పుస్తకం చేతిలోకి తీసుకుని, పైకీ కిందికీ ఆడించి, మొదటిసారి ప్రభుత్వాన్ని మెచ్చుకున్నారు.

“ఇందులో బరువుందే ఉడుమూ! గోనెసంచి పట్రా.”

సంచికి ముప్ఫై పుస్తకాలు పడితే నలభై కిలోలు తూగింది. ఆ సంచి భుజాన వేసుకుని ఉడుము మెట్లెక్కింది, దిగింది, గుంజీలు తీసింది. దూలానికి తువ్వాళ్లు వేలాడదీసి వాటిని పట్టుకుని పైకి లాక్కుంది. స్వీపరమ్మని వీపుమీద వేసుకుని శాల చుట్టూ పదేసి చుట్లు తిరిగింది.

“నెమ్మదే తల్లీ! నేను మనిషిని, మార్గదర్శినిని కాను,” అని స్వీపరమ్మ పైనుంచి కేకలు. చీపురు మాత్రం వదల్లేదు. గోడమూలల్లో బూజు అందుతోందని ఆవిడకి లోపల్లోపల సంతోషమే.

అయినా మాస్టారి మనసు కుదుటపడలేదు. సంచి ఒంటికి ఒదిగిపోతుంది. ఇనుము ఒదగదు. ఎంపికలో ఎదుటపడే పిల్ల కూడా ఒదగదు. పైగా రెండు వారాలకే సంచులు పిగిలి, మంత్రిగారు వందల సంఖ్యలో నేలపాలయ్యారు.

“లెక్కప్రకారం నిన్నటికి తొంభై కిలోలు ఎత్తుతూ ఉండాల్సింది, మావయ్యా,” అంది ఉడుము సీలువేసిన తలుపు వంక చూస్తూ. మామూలుగా అరిచి చెప్పే పిల్ల ఆ మాట మెల్లిగా అంది. మాస్టారికి కిందటేటి మూడు రోజులూ గుర్తొచ్చాయి.

ఆ మధ్యాహ్నమే పీయే బలం కొలవడానికి వచ్చాడు. వరసగా ఒక్కొక్కళ్లని పిలిచి చెక్క చక్రాలు ఎత్తించి రాసుకున్నాడు. పథకానికి ముందు నలభై, తర్వాత నూట అరవై. ముందు ముప్ఫై అయిదు, తర్వాత నూట అరవై. అంతలో స్వీపరమ్మ వచ్చి, “కాస్త జరుగు నాయనా,” అంటూ నూట అరవై కిలోల కడ్డీని ఎడంచేత్తో ఎత్తి, కింద ఊడ్చి, మళ్లీ పెట్టేసింది.

పీయే కలం ఆగింది. “ఈవిడ ఏ విభాగం?”

“ఊడ్చే విభాగం,” అంది ఆవిడ.

“మహిళలు, సీనియర్,” అని రాసుకున్నాడు. కూడి, భాగించి, నుదురు తుడుచుకున్నాడు. “నాలుగింతలు దాటిపోయింది మాస్టారూ. కొంచెం తగ్గించి రాయాలి. లేకపోతే జనం నమ్మరు.”

“ఆ తాళంచెవి ఒక్కసారి…” అన్నారు మాస్టారు.

“ఇంత బలం వచ్చాక ఆ పాత సామాన్లెందుకండీ?”

ఇంక పదిహేను రోజులే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్న ఆరింటికి ఎవరికీ చెప్పాపెట్టకుండా మంత్రిగారే వచ్చేశారు. బరువులెత్తడం ఆయనకి అలవాటైపోయింది. మంత్రివర్గ సమావేశంలో కూడా చేతులు ఊరికే పైకి లేస్తున్నాయట. వెనకాలే పీయే, చొక్కా గుండీలు తప్పు కన్నాల్లో పెట్టుకుని, పరిగెత్తుకొచ్చాడు.

“నూట అరవై నాకు ఆనడంలేదయ్యా. ఇంకేమైనా ఉన్నాయా?” అని చుట్టూ చూసిన మంత్రిగారి కన్ను సీలుమీద పడింది. “ఆ గదిలో ఏమిటి?”

“ఏమీ లేదు సార్! పాత సామాన్లు!” అన్నాడు పీయే.

“బరువులేనండీ,” అన్నారు మాస్టారు, ఎంతో వినయంగా.

“తియ్యి.”

తీయక తప్పలేదు. మంత్రిగారు లోపలికి నడిచి, అన్నిటికంటే పైనున్న ఇరవై కిలోల చక్రాన్ని చూసి నవ్వి, చిటికెనవేలు కన్నంలో దూర్చి లాగారు. చక్రం కదల్లేదు. వేలు మాత్రం కొంచెం పొడుగైంది. చెయ్యి పెట్టి లాగారు. రెండు చేతులూ పెట్టి లాగారు. చక్రం జానెడు లేచి, ఠంగున తిరిగి కూలబడింది. మంత్రిగారి నడుం కలుక్కుమంది.

పీయే మొహం సున్నం కొట్టిన గోడలా అయింది. మంత్రిగారు వంగినవారు వంగినట్టే ఉండి, తల మాత్రం తిప్పి అడిగారు.

“ఏమయ్యా, దీనికేమైంది?”

పీయే తప్పు కన్నాల్లో పడ్డ గుండీలు సర్దుకోవడం మొదలుపెట్టాడు. మాస్టారు ఒకసారి ఉడుము వైపు చూశారు. ఒకసారి ఇనుము వైపు చూశారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఒక్క అబద్ధం ఆడని మనిషి. ఆ రోజూ ఆడలేదు.

“మీరు కనిపెట్టేశారండీ. ఇవి బయటవాటికంటే చాలా బరువు. కొన్ననాటినుంచీ ఇంతే. మేమే చెప్పలేకపోయాం.”

“ఇరవై అని రాసుందిగా?”

“రాయడం అన్నిటిమీదా ఒకేలా రాస్తారండీ.”

పీయేకి ప్రాణం లేచొచ్చింది. “నాణ్యతాలోపం సార్! గత ప్రభుత్వం కొన్నది!”

“అదీ సంగతి!” మంత్రిగారు నడుంమీద చెయ్యి వేసుకుని నిటారుగా అయ్యే ప్రయత్నం చేశారు. “ఇన్నాళ్లూ మన పిల్లలు ఇంత అన్యాయపు ఇనుము ఎత్తుతున్నారా? అందుకే బలం పెరగలేదు! ఇరవైనాలుగు గంటల్లో ఈ దరిద్రమంతా ప్రభుత్వ ఆవరణలోంచి పోవాలి. ఎక్కడ పారేస్తారో నాకు అనవసరం.”

“రాతపూర్వకంగా ఇప్పిస్తారా?” అన్నారు మాస్టారు.

ఇచ్చారు. ‘అధిక బరువు కలిగినందున తొలగించడమైనది’ అని ముద్రతో సహా ఇచ్చారు.

ఇరవైనాలుగు గంటలు అక్కర్లేకపోయింది. కుస్తీ పిల్లలందరూ వరసకట్టి, చేతికొక చక్రం చొప్పున పట్టుకుని, నాలుగు వీధులవతల మాస్టారి ఇంటి పెరట్లో మధ్యాహ్నంలోగా పారేశారు. దారిలో ఎవరూ కింద పెట్టకూడదని మాస్టారి షరతు. అది కూడా వ్యాయామమే కదా. మాస్టారి భార్య బట్టలారేసే తీగ విప్పి, ఆ రెండు స్తంభాలమధ్య కడ్డీ పెట్టుకోనిచ్చింది.

“అత్తా, నీ బట్టలో?” అంది ఉడుము.

“నువ్వు గెలిచొచ్చాక ఆరతాయిలే. ముందు మోకాళ్లు బయటికి తోసి కూర్చో. కిందటేడులా వణికావంటే ఈ తీగతోనే కొడతాను,” అంది అత్త.

పద్నాలుగు రోజులు ఆ పెరట్లో ఠంగు ఠంగున మోత. తొంభై, తొంభై రెండు, తొంభై అయిదు. ఎంపికలో ఆఖరి అరనిమిషం మళ్లీ వచ్చింది. ఉడుము పట్టు వేసింది, కూర్చుంది, లేచింది. మోకాళ్లు వణకలేదు. అవతలి పిల్ల భుజంమీదికొచ్చి, వెల్లకిలా పరుపుమీద పడింది. మాస్టారు ముడుచుకుపోయిన చెవుల వెనక చెమటో, మరొకటో తుడుచుకున్నారు.

‘మహాబల సంకల్పం తొలి విజయం’ అని పేపర్లన్నీ రాశాయి. శాలలో సన్మానం పెట్టారు. మంత్రిగారు మళ్లీ అదే నీలం ట్రాక్‌సూటులో, అదే తలుపంత ఛాతీతో వచ్చారు. నడుం మాత్రం ఇంకా కొంచెం పక్కకే ఉంది. ప్రభుత్వ తేలిక ఇనుము వల్లే ఈ బిడ్డకి ఇంత బలం వచ్చిందని చెప్పారు. చెక్క చక్రమొకటి బహుమతిగా ఇచ్చారు. ఉడుము రెండు చేతులా అందుకుని, బరువుకి కొంచెం తూలినట్టు కూడా తూలింది. మర్యాద తెలిసిన పిల్ల.

ఫొటోగ్రాఫర్లకి అది చాలలేదు. “మంత్రిగారిని ఎత్తమ్మా! భుజాలమీద! మొదటి పేజీ!” అని ఒకటే గోల.

మంత్రిగారు ఉప్పొంగిపోయారు. “నూట పది కిలోలమ్మా! జాగ్రత్త!”

మాస్టారు దగ్గరికెళ్లి హెచ్చరించారు. “నువ్వెప్పుడూ అంత ఎత్తలేదు. నడుం నిటారుగా పెట్టు. కాళ్లతో లేవు.”

ఉడుము ఊపిరి పీల్చింది. మంత్రిగారి చంకకింద తల దూర్చి, తొడ చుట్టూ చెయ్యి వేసి, పళ్లు బిగించి, పెరట్లో నేర్చిన సత్తువంతా పెట్టి లేచింది.

అంత అక్కర్లేకపోయింది. మంత్రిగారు దిండులా గాల్లోకి ఎగిరి, మరి కాస్తయితే పోస్టరుకి తగలబోయి, తిరిగి భుజంమీద పడ్డారు. కెమెరాలు చిటపటలాడాయి. ఆయన పైనుంచి రెండు చేతులూ ఊపుతూనే ఉన్నారు. ట్రాక్‌సూటు భుజందగ్గర కుట్టు విడిపోయి, లోపల్నించి తెల్లగా దూది మెత్త తొంగిచూసింది. దానిమీద నల్లరంగుతో, చిన్న అక్షరాలతో ‘110 కి.’ అని ముచ్చటగా రాసి ఉంది.

చప్పట్ల మధ్య ఉడుము మెడ తిప్పి, మెల్లిగా అడిగింది.

“మావయ్యా, ఈయన్ని కూడా ఆ నాటకాల వడ్రంగే చేశాడా?”