వనజమ్మ వేసిన మార్కులు

ఈరోజు ఎలాగైనా నిజం చెప్పేయాలని, చట్నీకి తాలింపు పెడుతున్నప్పుడే వనజమ్మ తీర్మానించుకుంది. ఏళ్ళ తరబడి వదలని ఒళ్ళు నొప్పులకు మాటలతో చేసే వైద్యం ఎంతవరకు పనిచేస్తుందో ఆసుపత్రివాళ్ళు పరీక్షిస్తున్నారు. కొందరికి మాత్రలే ఇస్తారు. వనజమ్మలాంటివాళ్ళకు మాత్రలతో పాటు స్మిత మాటలు కూడా. స్మిత ఆ వైద్యం చేసే బాగేపల్లి పిల్ల. ప్రతి శుక్రవారం బస్సులో చింతామణికి వచ్చి, చెప్పిందంతా ఓపిగ్గా విని, చివర్లో తనే అడుగుతుంది.

"అమ్మా, ఈ వారం నొప్పికి పదికి ఎన్ని మార్కులు?"

ఎనిమిది అనబోయింది వనజమ్మ. కానీ పిల్ల నుదుటి మీద చెమట, కళ్ళలో ఆశ. ఇంటికొచ్చిన మనిషిని చిన్నబుచ్చి పంపే అలవాటు ఆ ఇంట్లో లేదు.

"మూడు తల్లీ."

స్మిత మొహం వెలిగిపోయింది. నడవలో కూర్చున్న భర్త శ్రీరామయ్య మొహం అంతకంటే వెలిగింది. "మూడేనా! అట్లయితే పనిమనిషి ఎందుకే?" అని ఆ సాయంత్రమే చిక్కమ్మను మానిపించాడు. ఆపైన కెంచార్లహళ్ళిలో ఉన్న చెల్లెలికి ఫోను చేశాడు. "మీ వదినకి నయమైపాయ! వచ్చే శుక్రవారం అందరూ ఓళిగల భోజనానికి రాండి."

అందరూ అన్నాడు కదా అని ఆ చెల్లెలు తన అత్తవారి వైపువాళ్ళను కూడా తీసుకుని రెండు జీపుల్లో దిగింది. వనజమ్మ నేలమీద కూర్చుని, పూర్ణం పెట్టి బొబ్బట్లలా ఓళిగలు తడుతూ ఉండగా స్మిత వచ్చింది, నయమైన మనిషిని చూపిద్దామని తన పెద్ద డాక్టరు పురుషోత్తమ్‌ను వెంటబెట్టుకుని.

"ఎట్లుండారమ్మా?" అన్నాడాయన.

"బో బాగుండానప్పా!" సార్ ముందర పిల్ల పరువు పోకూడదు కదా. కాఫీ ఇద్దామని లేవబోయింది. మోకాళ్ళు లేవలేదు. ఒక చెయ్యి స్మిత, ఒక చెయ్యి డాక్టరు పట్టుకుని లాగారు. ఆడబిడ్డ వెనకనుంచి తోసింది. వనజమ్మ పెట్టిన కేక వీధిలో జీపు డ్రైవర్లకు కూడా వినబడింది.

"నిజం చెప్పండమ్మా," అంది స్మిత. "నొప్పి ఎంతుండాది?"

"నువ్వడిగితే మూడే తల్లీ."

"వేరే ఎవరన్నా అడిగితే?"

"ఎనిమిది."

స్మిత సంచిలోంచి మార్కుల కాగితాలు బయటికి తీసింది. "ఫలితాలు ఇంత బాగా వచ్చినాయి గదమ్మా, ఒకరిద్దరు ఇట్లా ఉంటారులే" అని డాక్టరు ఆమెతో నసిగాడు.

"అవి నొప్పికి పడిన మార్కులు కాదు సార్, నాకు పడినవి," అంది స్మిత. "అన్నీ కొట్టేద్దాం. మళ్ళీ మొదలుపెట్టాల. ఎవరికి నేను మాటలు చెప్పినానో తెలియని మనిషి అడగాల."

తన కష్టాన్ని తన చేత్తోనే కొట్టేసుకునే పిల్లను వనజమ్మ అంతవరకు చూసి ఎరగదు. "నొప్పి తగ్గకపోతే మానె, నువ్వు మాత్రం వస్తాండు తల్లీ" అంది కళ్ళు తుడుచుకుంటూ.

మిగిలిన ఓళిగలు శ్రీరామయ్యే తట్టాడు. అవి ఏ ఆకారంలోనూ లేవు. మర్నాడు పొద్దున్నే తనే వెళ్ళి చిక్కమ్మను పిలుచుకొచ్చాడు.

మార్కులు అడగడానికి ఇప్పుడు నందీశ్ అనే అతను వస్తున్నాడు. కాఫీ ముట్టడు, నవ్వడు, బాగున్నారా అనడు. అతని మొహం చూశాక అబద్ధం చెప్పి సంతోషపెట్టాలని ఊళ్ళో ఎవరికీ అనిపించలేదు; ఆ ఉద్యోగానికి స్మిత చూసిన అర్హత అదొక్కటే.