కుందేలుపై వెంకటపతి దండయాత్ర

మధ్యాహ్నపు ఉక్క తగ్గి సముద్రపు గాలి తిరిగే శుభవేళ, పందొమ్మిది వందల తొంభై తొమ్మిదో సంవత్సరపు ఫాల్గుణ మాసాన, మచిలీపట్నమనే మహాపట్టణంలో, ఎండుచేపల పరిమళంతో నాలుగు వీధులను పావనం చేసే గిడ్డంగికి అధిపతియు, బేరసార సమరాలలో అపరాజితుడును, ఎత్తి చూసినంతనే సరుకు తూకం చెప్పగల హస్తవైభవ సంపన్నుడును అయిన వెంకటపతి, ఒక కుందేలు మీద యుద్ధం ప్రకటించాడు.

శత్రువు బరువు ముప్పాతిక కిలో. ఈ సంగతి వీరుడికి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. కూతురు శ్రీదుర్గ కోసం దాన్ని తెచ్చిన నాటి నుంచి రోజుకు మూడుసార్లు మీద నుంచి వంగి, చెవులు పట్టి పైకెత్తి, ఎదిగిందో లేదో చేత్తోనే తేలుస్తున్నాడు. ఎత్తినప్పుడు బిగుసుకుపోతే వినయమనీ, వదలగానే మూలకు దూరి వెనక కాలితో నేలను దబ్బున కొడితే అహంకారమనీ తన శాస్త్రానికి వ్యాఖ్యానం కూడా తానే చెప్పుకున్నాడు.

నిన్నటి నుంచి ఆ అహంకారి గడ్డి ముట్టలేదు. అది తినేదాకా శ్రీదుర్గ అన్నం ముట్టనంది.

"ఓరీ శశకాధమా! పాతిక పడవల సరుకును ఒక్క మాటతో ఒడ్డుకు దించిన నా ముందా నీ కాలు దువ్వడం? తిను!" అని గర్జించి, కొత్తిమీర కట్టను దాని మూతికి గురిపెట్టాడు మహావీరుడు. కుందేలు గోడలో కలిసిపోవాలని చూసింది.

ఇల్లాలు జ్ఞానమ్మ ఇక లాభం లేదని, కుందేలును అమ్మిన పక్కవీధి రోషన్ బీని పిలుచుకొచ్చింది. ఆమె గుమ్మంలోంచే చూసి తల పట్టుకుంది.

"అది పొగరు కాదు బాబాయ్ గారూ, భయం. ప్రమాదం వచ్చిందని కాలు కొడుతుంది. కదలకుండా ఉందంటే ప్రాణం బిగబట్టుకుందన్నమాట."

"నన్ను చూసి భయమెందుకమ్మా? నేనేం చేశాను?"

"మీద నుంచి వచ్చి ఎత్తుకెళ్లేది దానికి తెలిసి ఒకటేనండి. గద్ద. రేపటికి కూడా తినకపోతే బతకదు."

ఎండబెట్టిన చేపల మీద వాలే గద్దలతో ముప్ఫయ్యేళ్లుగా కర్ర పట్టి పోరాడుతున్న యోధుడు కొత్తిమీర కట్టను మెల్లగా కిందికి దించాడు.

"ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకా పోలిక తట్టలేదు చూశావా రోషన్," అంది జ్ఞానమ్మ.

ఏం చెయ్యమంటావని అడిగాడు వీరుడు, గొంతు తగ్గించి. ఏమీ చెయ్యొద్దు, దూరంగా నేల మీద పడుకోమంది రోషన్ బీ. జన్మలో ఏమీ చెయ్యకుండా ఒక్క గంట గడిపి ఎరుగని ఆ కార్యశూరుడు, కొత్తిమీరను కాళ్ల దగ్గర పరిచి బోర్లా పడుకున్నాడు. చీమలు చెవిని ముట్టడించాయి. ఎడమ కాలు మొద్దుబారి శత్రుపక్షంలో చేరింది. ఎదురుగా శ్రీదుర్గ, చల్లారిన అన్నం పళ్లెం ముందు పెట్టుకుని ఊపిరి బిగబట్టి కూర్చుంది.

గంట గడిచాక కుందేలు మెడ చాచింది, వెనక్కి తీసుకుంది, మళ్లీ చాచింది. వీరుడి బొటనవేలిని వాసన చూసి, పనికిరాని సరుకని తేల్చి, పక్కనున్న రెమ్మ కొరికింది. శ్రీదుర్గ ముద్ద నోట్లో పెట్టుకుంది.

జయము! ఒక రెమ్మ, మూడు ఆకులు శత్రువు నోట పడ్డాయి! కీర్తి అందుకోవడానికి వెంకటపతి తల ఎత్తబోయాడు.

"లేవకండి," అంది జ్ఞానమ్మ, "ఇంకోటి తింటోంది."

మచిలీపట్టణ విజేత యుద్ధభూమిలో మళ్లీ బోర్లా పడ్డాడు.