పద్నాలుగో అంశం

ఒక పెద్ద అడవిలో ఒక చిన్న పట్నం ఉండేది. పట్నం అన్నాక వార్డులుంటాయి, వార్డులన్నాక మెంబర్లుంటారు, మెంబర్లున్నాక వారానికోసారి ఒకచోట కూర్చోక తప్పదు. అందుకని ప్రతి సోమవారం పొద్దున పెద్ద మద్దిచెట్టు కింద కౌన్సిల్ సమావేశం జరిగేది. దాన్ని జరగడం అనవచ్చో లేదో మీరే తేల్చుకోండి, నాకు మాత్రం నోరు రావడం లేదు.

చైర్మన్ వీరభద్రం గారు అడవిదున్న. ఒళ్ళు ఎంత పెద్దదో గొంతు అంత పెద్దది. ఆయనకు ముందు వాళ్ళ నాన్నగారు చైర్మన్. ఆ నాన్నగారికి నిలువెత్తు విగ్రహం పెట్టాలని రెండేళ్ళ కిందట కౌన్సిల్ తీర్మానించి, కిందటి చలికాలంలో పదకొండో వార్డులో వాగుకు వెళ్ళే దారి మధ్యలో పునాది గొయ్యి తవ్వించింది. నిలువెత్తు దున్నకు నిలువెత్తు దున్న లోతు ఉండాలి కదా అని అంత లోతూ తవ్వారు.

తవ్వాక అసలు చర్చ మొదలైంది. విగ్రహం ముఖం ఏ వార్డు వైపు ఉండాలి? ఒక వార్డుకు ముఖం చూపిస్తే మిగతా వార్డులన్నిటికీ తోక చూపించినట్టవుతుందని మెంబర్లు అభ్యంతరం చెప్పారు. అది తేల్చడానికి ఉపసంఘం వేశారు. ఉపసంఘం ఇంకా తేలుస్తూనే ఉంది. గొయ్యి మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా నోరు తెరుచుకుని కూర్చుంది.

ఆ గోతి పక్కనే కుందేలు నాంచారమ్మ బొరియ. ఆమెకు ముగ్గురు పిల్లలు. ఎండాకాలంలో కడగొట్టు పిల్ల నీళ్ళకు వెళ్తూ ఆ గోతిలో పడి వెనక కాలు విరగ్గొట్టుకుంది. కాలు అతుక్కుంది గానీ కుంటు పోలేదు. నాంచారమ్మ పిల్లను వీపున వేసుకుని కౌన్సిల్‌కు వచ్చి అర్జీ ఇచ్చింది.

"అయ్యా, ఎండాకాలం కాబట్టి గోతిలో నీళ్ళు లేవు, పిల్ల కాలు విరిగినా ప్రాణంతో బయటపడింది. వానలు పడి గొయ్యి నిండిందంటే అది గొయ్యని ఎవరికీ తెలీదు. నా పిల్లలు వాగుకు పోవాలంటే అదొక్కటే దారి. వానలు రాకముందే పూడ్పించండి, తమకు పుణ్యముంటుంది," అంది.

వీరభద్రం గారు పిల్ల తల నిమిరారు. కన్నీళ్ళు కూడా పెట్టుకున్నారు. ఆయనకు కన్నీళ్ళు ఎప్పుడూ సిద్ధంగానే ఉండేవి, పాపం అవి చేసిన పనిలో సగం ఆయన చేసి ఉంటే అడవి బాగుపడేది.

నాంచారమ్మ వెళ్ళిపోయాక ఆయన సెక్రటరీని పక్కకు పిలిచారు. సెక్రటరీ జంబుకేశం నక్క. కౌన్సిల్ నియమాలన్నీ అతనికి నోటికి వచ్చు, వాటిలో ఏది ఎక్కడ వాడాలో అంతకన్నా బాగా వచ్చు. గొయ్యి పూడ్చేస్తే నాన్నగారి విగ్రహం మాట ఇక ఎత్తడానికి ఉండదని చైర్మన్ గారు వాపోయారు. పూడ్చనని చెప్పేద్దామా అంటే పదకొండో వార్డు నిండా కుందేళ్ళు, అక్కడ ఓట్లు నెలనెలా పెరుగుతుంటాయి.

"పూడ్చనని ఎవరు చెప్పమన్నారండీ? అజెండాలో పెడదాం. పద్నాలుగో అంశం," అన్నాడు జంబుకేశం.

"పద్నాలుగో అంశం దాకా వస్తే?"

"రానివ్వకుండా మన ఆనవాయితీ ఒకటుంది కదండీ."

ఆ ఆనవాయితీ చాలా పాతది. ఎప్పుడో ఏనుగు చైర్మన్‌గా ఉన్న రోజుల్లో ఒక మెంబరు చనిపోతే, కౌన్సిల్ అంతా లేచి తోకలు దించి రెండు నిమిషాలు మౌనం పాటించింది. అంత దుఃఖంలో కాలవలూ దారులూ ఏం మాట్లాడతామని, ఆ రోజు అజెండా మొత్తం పై వారానికి వాయిదా వేసింది. అది మంచి మనసుతో మొదలైన పద్ధతే, కాదనను. అయితే పోయినవాళ్ళు మెంబర్లే అయి ఉండాలని ఎక్కడా రాసుకోలేదు. జంబుకేశం పట్టుకున్నది ఆ రాయని ముక్కనే.

మొదటి సోమవారం, పక్క అడవి చెరువులో మూడు వందల ఏళ్ళు బతికిన తాబేలు ఒకటి పోయిందని కబురు చదివాడు. వీరభద్రం గారు లేచి ఆ తాబేలు చురుకుదనం గురించి ముప్పావు గంట మాట్లాడారు. ఆయన దాన్ని ఎన్నడూ చూసి ఎరగరు. వైస్ చైర్మన్ కొండలరావు సంతాప తీర్మానాన్ని బలపరిచాడు. కొండలరావు కోతి, కన్నెప్పుడూ పై కొమ్మ మీదే ఉండేది. తోకలు దించారు, ఎత్తారు, ఇప్పపూలు తిని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళారు. నాంచారమ్మను పై వారం రమ్మన్నారు.

పై వారం ఏదో అడవిలో ఒక ముసలి నెమలి పోయింది. ఆ పై వారం పోయినవాళ్ళెవరూ దొరక్కపోతే, గాలికి కూలిన తుమ్మచెట్టు గుర్తొచ్చింది. చెట్టుకు మాత్రం ప్రాణం లేదా అని జంబుకేశం అడిగితే, లేదనే ధైర్యం సభలో ఎవరికుంది? చెట్టుకు తోకలు దించారు.

నాంచారమ్మ మాత్రం ప్రతి సోమవారం పిల్లను వేసుకుని వస్తూనే ఉంది. పిల్ల బరువు పెరుగుతోంది, మబ్బులు దిగుతున్నాయి. ఆరో వారం ఆమె ఉండబట్టలేక సెక్రటరీని నిలదీసింది.

"బతికున్నవాళ్ళ అర్జీ ఎప్పుడు తీస్తారు బాబూ?"

"ఎవరూ పోని వారం తీస్తామమ్మా."

"అట్టాంటి వారం ఉంటదా?"

"అది మన చేతుల్లో ఉందా చెప్పు," అని జంబుకేశం ఆకాశం వైపు చూశాడు.

ఇంతలో తొలకరి పడింది. తడిసిన నేలలోంచి ఉసిళ్ళు వేలకొద్దీ లేచి, రెక్కలు రాల్చుకుని పోయాయి. జంబుకేశానికి పండగే అయింది. ఉసిళ్ళ సంతాపం ఒక్క సోమవారంలో తెమలలేదు. అమాయకపు జీవులను గుంపుగా తలచి ఊరుకోవడం అవమానమని, ఒక్కొక్క పేరూ చదవాల్సిందేనని కొండలరావు పట్టుబట్టాడు. ఆ పేర్లు ఎక్కడ దొరికాయో నాకైతే తెలియదు. మూడు సోమవారాలు చదివారు.

ఆ మూడు వారాల్లో గొయ్యి అంచులదాకా నిండింది. పైన పాచి పట్టింది, దాని మీద ఆకులు రాలాయి. అచ్చం గడ్డి మొలిచిన నేలలాగే ఉంది.  నాంచారమ్మ పిల్లలను బొరియలోనే కూర్చోబెట్టి, తనే దొప్పలతో నీళ్ళు మోసింది. పక్కింటి ఏదుపంది సాయంతో ముళ్ళకంపలు నరికి తెచ్చి గోతి చుట్టూ నాటింది. హమ్మయ్య, ఇక పిల్లలకు భయం లేదు అనుకుంది.

మర్నాడే కౌన్సిల్ వాళ్ళు వచ్చి ఆ కంపంతా పీకేశారు. మరుసటి సోమవారం చైర్మన్ గారి నాన్నగారి వర్ధంతి. వీరభద్రం గారు పునాది దగ్గర దండ పెట్టి, అక్కణ్ణించి సమావేశానికి వెళ్తారట. ఆయన నడిచే దారిలో ఈ ముళ్ళ ఆక్రమణ ఏమిటని జంబుకేశమే దగ్గరుండి తీయించాడు. గొయ్యి ఉందయ్యా అని నాంచారమ్మ మొత్తుకుంది. గొయ్యి సంగతి అజెండాలో ఉంది, దాని గురించి బయట మాట్లాడకూడదన్నాడు.

సోమవారం పొద్దున వీరభద్రం గారు బంతిపూల దండ కొమ్ములకు తగిలించుకుని వచ్చారు. పునాది ఎక్కడుందా అని చూస్తే ఎక్కడ చూసినా పచ్చగానే ఉంది. నాన్నగారి చోటు ఎంత చల్లగా ఉందో అని మురిసిపోతూ నాలుగడుగులు వేశారు. నాలుగోది నేల మీద పడలేదు.

గొయ్యి దున్న కొలతకు తవ్వినదే కాబట్టి సరిగ్గా సరిపోయింది. కాళ్ళు అడుగు బురదలో దిగబడ్డాయి, ముట్టె ఒక్కటి నీళ్ళ పైన తేలింది. ఆ ముట్టెలోంచి వచ్చిన అరుపుకు నాంచారమ్మ బొరియలోంచి దూకి వచ్చింది. చూసింది. చూసి, మద్దిచెట్టు వైపు ఒకటే పరుగు.

సభలో అందరూ చైర్మన్ గారి కోసం చూస్తున్నారు. నాంచారమ్మ రొప్పుతూ వచ్చి, చైర్మన్ గారు గోతిలో పడ్డారని, బతికే ఉన్నారని, నలుగురూ వచ్చి మట్టి తోస్తే దాని మీద అడుగేసుకుంటూ పైకి వచ్చేస్తారని చెప్పింది. అంతా స్పష్టంగానే చెప్పింది. అందరూ స్పష్టంగానే విన్నారు.

కొండలరావు మెల్లగా లేచి తోక దించాడు.

"ఆయన బతికే ఉన్నారండీ," అంది నాంచారమ్మ.

జంబుకేశం ఓపికగా వివరించాడు. "చూడమ్మా. గోతిలో పడ్డారన్నావు, అది సంతాపం కిందికి వస్తుంది. బతికే ఉన్నారు, మట్టి తొయ్యండి అన్నావు, అది గొయ్యి పూడ్చడం కిందికి వస్తుంది. సంతాపం మొదటి అంశం. గొయ్యి పద్నాలుగో అంశం. వరస తప్పితే సభ ఎలా నడుస్తుంది?"

అందరూ తోకలు దించారు. రెండు నిమిషాల మౌనం చాలా గంభీరంగా జరిగింది. మధ్యలో దూరం నుంచి చైర్మన్ గారి అరుపులు వినబడుతూనే ఉన్నాయి. సభామర్యాద పాటించనందుకు ఒకరిద్దరు మెంబర్లు ఆ దిక్కుగా చిరాగ్గా చూశారు కూడా. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. కొండలరావు కళ్ళు తుడుచుకుని చైర్మన్ కుర్చీలోకి మారాడు. అజెండా వాయిదా పడింది.

నాంచారమ్మ గోతి దగ్గరికి తిరిగి వచ్చేసరికి నీళ్ళు పెదవుల దాకా వచ్చాయి.

"ఏమన్నారు?" అని అడిగారు వీరభద్రం గారు.

"రెండు నిమిషాలు మౌనం పాటించారండీ."

"ఎవరికి?"

"తమరికే."

ఆయన నోట్లోకి వచ్చిన నీళ్ళు ఉమ్మేశారు. తర్వాత, "నాంచారమ్మా, నీ అర్జీ మంజూరు చేశాను," అన్నారు.

"ఇప్పుడు తమరు మంజూరు చేస్తే చెల్లదండీ. తమరు పోయారని తీర్మానం అయిపోయింది," అంది.

ఆ మాట అంటుంటే ఆమెకు కుంటిపిల్ల గుర్తొచ్చింది, తిరిగిన సోమవారాలన్నీ గుర్తొచ్చాయి. వదిలేద్దామా అనిపించింది. అనిపించదా మరి? నేనైతే వదిలేసేవాణ్ణి. ఆమె మాత్రం వెనక్కి తిరిగి, వెనక కాళ్ళతో గట్టు మట్టిని గోతిలోకి తన్నడం మొదలుపెట్టింది. అది చూసి వార్డులో కుందేళ్ళన్నీ వచ్చాయి, ఏదుపంది వచ్చింది, పందికొక్కులు వచ్చాయి. మట్టి పడేకొద్దీ నీళ్ళు పొర్లిపోయాయి, వీరభద్రం గారు ఒక్కో కాలే ఊడబెరుక్కుని పైపైకి వచ్చారు. మధ్యాహ్నానికల్లా ఆయన నేల మీద ఉన్నారు, గొయ్యి నేలయింది. పద్నాలుగో అంశం అంతే, ఒక పూట పని.

పై సోమవారం వీరభద్రం గారు తన కుర్చీకి తాను వెళ్ళారు. అందులో కొండలరావు ఉన్నాడు.

"నేను బతికే ఉన్నానయ్యా," అన్నారు వీరభద్రం గారు.

ఆ సంగతి కళ్ళకు కనబడుతోంది గానీ రికార్డులో కనబడటం లేదని జంబుకేశం విచారించాడు. ఒకసారి నెగ్గిన తీర్మానాన్ని మూడు నెలల దాకా ముట్టుకోకూడదు. ఆ తర్వాతైనా బతికున్నట్టు సర్టిఫికెట్ కావాలి, దాని మీద చైర్మన్ సంతకం ఉండాలి. కొండలరావు కాదనలేదు. అర్జీ పెట్టుకోమన్నాడు. దాన్ని అజెండాలో పద్నాలుగో అంశంగా వేసుకుంటామన్నాడు.

తర్వాత కీర్తిశేషులు వీరభద్రం గారి సేవల గురించి కొండలరావు గంటసేపు మాట్లాడాడు. వీరభద్రం గారు వెనక నిలబడి విన్నారు. తనలో ఇంత మంచి ఉందని ఆయనకే తెలియదు, ఏడుపు ఆపుకోలేకపోయారు. చివరికి, అంతటి మహనీయుడి విగ్రహాన్ని నాన్నగారి పునాదిలోనే పెట్టాలని తీర్మానించారు. అనుమతి లేకుండా కౌన్సిల్ గొయ్యి పూడ్చినందుకు నాంచారమ్మకు నోటీసు ఇచ్చారు. ఏడు రోజుల్లో దాన్ని ఎప్పటిలా తవ్వి అప్పగించాలి, లేదా కౌన్సిల్ వాళ్ళే వచ్చి తవ్వుతారు.

నాంచారమ్మ నోటీసు పట్టుకుని బొరియకు వచ్చి కూలబడింది. వీరభద్రం గారు వెనకాలే వచ్చారు.  పూడ్చిన చోటు చుట్టూ ఒకసారి తిరిగి, సరిగ్గా నడిమధ్యన నాలుగు కాళ్ళూ ముడుచుకుని పడుకున్నారు.

ఏడో రోజు తవ్వడానికి అడవిపందులు వచ్చాయి. ఆయన లేవలేదు. లేపమని జంబుకేశానికి కబురు పెట్టాయి. జంబుకేశం నియమాలన్నీ తిరగేశాడు. అడ్డం పడుకున్న జీవికి నోటీసు ఇవ్వవచ్చు, జరిమానా వెయ్యవచ్చు, పట్టి లాగించవచ్చు. పోయినవారికి నోటీసు ఇచ్చే పద్ధతి గానీ, వారిని లాగించే పద్ధతి గానీ ఏ పుటలోనూ లేదు. కౌన్సిల్ ఆ సమస్య మీద ఉపసంఘం వేసింది.

ఉపసంఘం ఇంకా తేలుస్తూనే ఉంది. పొద్దున్నే నాంచారమ్మ పిల్లలు ముగ్గురూ వాగుకు వెళ్తారు. కుంటిపిల్ల మధ్యలో అలిసిపోతే మాజీ చైర్మన్ గారి డొక్కకు ఆనుకుని కాసేపు కూర్చుని, మళ్ళీ లేచి నడుస్తుంది.

నీతి: బతికున్నంతకాలం ఒక్క గొయ్యీ పూడ్చని నాయకుడు కూడా, రికార్డు ప్రకారం పోయాక, కనీసం ఒక గోతికి అడ్డంగా పనికొస్తాడు.