పంతొమ్మిదో నంబరు రోగి

తప్పులుంటే మన్నించండి. నాకు అక్షరాలు వచ్చింది యాభై తొమ్మిదో ఏట. ఒత్తులు ఇంకా నా మాట వినవు, పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. కాని చెప్పబోయేది శుభవార్త కనుక ఆలస్యమైనా చెడిపోదు. శత్రువులు మన మంచినీళ్లలో క్రిములు కలిపితే ఎదుర్కోవడానికి ప్రభుత్వం పూర్తిగా సిద్ధమైంది. ఆ సంసిద్ధతను నేను కళ్లారా చూశాను. ప్రభుత్వాసుపత్రిలో వార్డు ఆయాను నేను.

మంగళవారం పది గంటలకు ఉత్తుత్తి దాడితో డ్రిల్లు జరపాలని ఆదేశాలు వచ్చాయి. శత్రువు వేషం స్టోరు గుమాస్తాకు ఇచ్చారు. ఆయన ఆ రోజు సెలవు పెట్టాడు. సెలవు మంజూరైంది కాబట్టి దాడిని బుధవారానికి వాయిదా వేశారు. అసలు శత్రువులు కూడా ఇలా పద్ధతిగా ఉంటే ఎంత బాగుండును!

రోగులుగా ముప్పైమంది సిబ్బందిని ఎంపిక చేశారు. ఒక్కొక్కరి మెడలో ఒక అట్ట. దాని మీద నంబరు, లక్షణాలు, ఎన్నింటికి కోలుకోవాలో, ఎన్నింటికి చనిపోవాలో టైపు చేసి ఉంది. చనిపోయే భాగ్యం నలుగురికే దక్కింది. పోయినవాళ్లు పెందలాడే ఇంటికి వెళ్లవచ్చు గనుక అది సీనియారిటీ ప్రకారం ఇచ్చారు.

బుధవారం శత్రువు ఖాళీ సీసా ఊపాడు, సైరను మోగింది. సరిగ్గా అప్పుడే నా తోటికోడలు వాంతులు, విరేచనాలతో ఆసుపత్రి గేటు దగ్గర కూలబడింది. మా వీధి గొట్టం పగిలి నీళ్లలో మురుగు కలుస్తోందని మూడు వారాలుగా మొరపెట్టుకుంటున్నాం. శత్రువు అంత దూరం నుంచి శ్రమపడి రానక్కర్లేదు. ఆ పని మన గొట్టమే చేసిపెడుతోంది.

తోటికోడలి కళ్లు లోతుకు పోయాయి, నాలుక పిడచకట్టుకుపోయింది. చక్రాల కుర్చీలో లోపలికి తోసుకెళ్లాను.

"అట్ట ఏది?" అన్నాడు డాక్టరు.

"అట్ట లేదు బాబూ, జబ్బుంది."

"జబ్బున్నవాళ్లని ఇవాళ చూడ్డం లేదమ్మా, డ్రిల్లు. రేపు తీసుకురా."

"రేపటిదాకా ఉండేట్టు లేదు బాబూ."

ఆయన అప్పటికే ఏడో నంబరు దగ్గరికి వెళ్లిపోయాడు. పంతొమ్మిదో నంబరు రోగి, అంటే మా హెడ్ గుమాస్తా, వరండాలో టీ తాగుతున్నాడు. అట్ట కుర్చీకి తగిలించి ఉంది. అది తెచ్చి తోటికోడలి మెడలో వేశాను.

ముగ్గురు డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. పైనుంచి పరిశీలకుడు వచ్చాడు కనుక సెలైను కూడా అసలుదే. మిగతా రోగులు సూది చూడగానే కోలుకున్నారు, నా తోటికోడలు మాత్రం చెయ్యి చాచింది. పరిశీలకుడి బూట్ల మీద వాంతి చేసుకుంది. "ఎంత సహజం!" అని ఆయన పదికి పది వేశాడు.

పన్నెండు దాటాక నర్సు వచ్చి సూది తీసెయ్యబోయింది. అప్పుడు చదివాను అట్టని, కూడబలుక్కుంటూ: పన్నెండుంబావుకు మరణం.

"సగం సీసా ఉంది కదమ్మా, ఉండనీ," అన్నాను.

"టైముకి పోకపోతే మెమో నాకొస్తుంది. మార్చురీవాళ్లు స్ట్రెచరుతో నిలబడ్డారు, చూడు."

తోటికోడలు కళ్లు తెరిచింది. "అక్కా, నన్ను ఎక్కడికి పొమ్మంటోంది?"

"పైకి."

"ముందు తనని పోయి చూసి రమ్మను. దారి బాగుంటే ఆలోచిద్దాం."

నేను సెలైను స్టాండు వాటేసుకుని కూర్చున్నాను. పరిశీలకుడు వచ్చి ఆలోచించాడు. మరణ సమయం మార్చాలంటే పై అధికారి అనుమతి కావాలి. పై అధికారి భోజనానికి వెళ్లారు. అనుమతి వచ్చేవరకు రోగి తాత్కాలికంగా బతికి ఉండవచ్చునని కాగితం రాశారు. అధికారిగారిది నిదానమైన భోజనం. ఆయన చేతులు కడుక్కునేసరికి రెండో సీసా కూడా ఎక్కింది, నా తోటికోడలు లేచి కూర్చుని నన్ను సాధించడం మొదలుపెట్టింది. బతికినట్టే అనుకున్నాను.

డ్రిల్లు ఘనవిజయమని నివేదిక పోయింది. ఆదేశాలకు విరుద్ధంగా ఎందుకు జీవించావో చెప్పమని హెడ్ గుమాస్తాకు మెమో వచ్చింది. గొట్టం సంగతి అడిగితే, వచ్చే ఏడాది డ్రిల్లుకు వాస్తవిక వాతావరణం అవసరం కనుక కదపవద్దన్నారు.

మా వీధివాళ్లు తెలివైనవాళ్లు. గొట్టం గురించి అడగడం మానేశారు. ఇప్పుడు పొద్దున్నే నా గుమ్మంలో నిలబడి, "ఆయమ్మా, ఈసారి మాకో అట్ట ఇప్పించవూ? కోలుకునేదే సుమా!" అంటున్నారు. నేనూ కాదనడం లేదు. మా ఇంటివాళ్లకు మూడు అట్టలు ముందే తీసి పెట్టుకున్నాను.

ఇట్లు,
వార్డు ఆయమ్మ, అరవై రెండేళ్లు,
ఆసుపత్రి వెనక వీధి, గొట్టం పగిలిన చోటికి ఎదురిల్లు.