నూట నలభై నాలుగు స్పోకుల చక్రం

మనిషి చక్రాన్ని కనిపెట్టి కొన్ని వేల ఏళ్లయింది. చక్రం కావాలని దరఖాస్తు పెట్టుకునే పద్ధతిని కనిపెట్టి మాత్రం మూడేళ్లే అయింది. మధ్యలో అన్ని వేల ఏళ్లూ జనం ఏ ధైర్యంతో బండ్లెక్కి తిరిగారో తలచుకుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆ లోటు తీర్చడానికే మెయిన్ రోడ్డు మలుపులో, పాత సైకిల్ షాపు ఉన్నచోట, 'చక్రముల ఎంపిక, కూర్పు మరియు ధైర్యకల్పన కేంద్రం' వెలిసింది. షాపు రోజుల్లో అక్కడ ఒక మేస్త్రి, ఒక స్టూలు, ఒక గాలిపంపు ఉండేవి. ఇప్పుడు ఏడు కౌంటర్లు, రెండు ఫ్యాన్లు, ఒక అధికారి ఉన్నారు. మేస్త్రి కూడా ఉన్నాడు గాని వెనకగదిలో ఉన్నాడు. (గాలిపంపు కూడా ఉంది. దానికి తాళం వేశారు.)

కేంద్రం పనితీరు చాలా తేలిక. చక్రం నడిమి హబ్బు మొదటి కౌంటర్లో ఇస్తారు, చుట్టూ ఉండే రిమ్ము రెండో కౌంటర్లో ఇస్తారు. హబ్బు కావాలంటే రిమ్ముకు ఎన్ని రంధ్రాలున్నాయో రసీదు చూపించాలి. రిమ్ము కావాలంటే హబ్బుకు ఎన్ని రంధ్రాలున్నాయో రసీదు చూపించాలి. దీన్ని వాళ్లు పరస్పర అనుకూలత అంటారు. ఒకాయన ఈ రెండు కౌంటర్ల మధ్య పదకొండు నెలలు తిరిగి, కాళ్లకు మంచి వ్యాయామం అయిందనీ, ఇక సైకిలు అక్కర్లేదనీ రాసిచ్చి వెళ్లాడు. ఆ ఉత్తరాన్ని ఫ్రేము కట్టించి గోడకు తగిలించారు.

ఇలాంటిచోటికి ఒక సోమవారం పొద్దున్నే ఒక అమ్మా కూతురూ వచ్చారు.

కూతురికి కొండమీది వాతావరణ కేంద్రంలో గాలివేగం కొలిచి రాసే ఉద్యోగం వచ్చింది. వచ్చే నెల ఒకటో తారీఖు ఉదయం తొమ్మిదింటికి అక్కడ సంతకం పెట్టాలి. పెట్టకపోతే ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. కొండకు బస్సు లేదు. పన్నెండు కిలోమీటర్ల రాళ్ల దారి, అందులో సగం ఎక్కుడు. మేనమామ వాడి వదిలేసిన సైకిలు ఫ్రేము గట్టిగానే ఉంది గాని, చక్రాలు రెండూ అప్పడాల్లా వంకరపోయాయి. అందుకని ఆ దారికి తగ్గ చక్రాలు కొత్తగా కట్టించుకోవాలి. చేతిలో మూడు వారాలున్నాయి.

తల్లి ఏడో తరగతి దాకా చదివింది. ఆ చదువులో ఆవిడకు గట్టిగా వంటబట్టింది ఒక్కటే: కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడెంచేసరికే రోజూ చీకటిపడిపోయేది. మేలెంచడానికి ఆవిడకు ఇంతవరకు తీరిక దొరకలేదు.

"అమ్మా, నువ్విక్కడ కూర్చో. నేను ఫారం నింపి వస్తా."

"నింపు. పక్కన నిలబడి చూస్తా."

"చూడు. మాట్లాడకు."

"నేనెందుకు మాట్లాడతాను," అని అమ్మ కూతురి చేతిలోంచి పెన్ను తీసుకుంది.

మొదటి గడి, తొక్కువారి బరువు. యాభై రెండు కిలోలు. దానికి అమ్మ అన్నం క్యారియరు కలిపింది. నీళ్ల సీసా, కట్లు కట్టే గుడ్డల పెట్టె, వానకోటు, ఆ వానకోటు తడిస్తే వేసుకోవడానికి ఇంకో వానకోటు కలిపింది. ఆ తర్వాత ఇంకో అరవై ఎనిమిది వేసింది.

"ఇదెవరిది?"

"నాది. నీకేమైనా అయితే నేను రావొద్దా? ఎక్కి రావాల్సింది ఈ సైకిలు మీదే కదా."

"సైకిలు నా దగ్గరే కదమ్మా ఉంటుంది."

అమ్మ కాస్త ఆలోచించింది. "అవును సుమా. అయితే మీ నాన్నని కూడా పంపాలి," అని ఇంకో ఎనభై వేసింది.

ఇక పద్నాలుగో గడి. 'దారిలో ఎదురుకాగల ప్రమాదాలు (ఉన్నచో).' కేంద్రం పుట్టిన దగ్గర్నుంచి అందరూ ఆ గడిలో 'లేవు' అని రాశారు. కొందరు అడ్డగీత గీశారు. ఒక కుర్రాడు నవ్వు మొహం బొమ్మ వేశాడు. గడి వెడల్పు బొటనవేలంత. అమ్మ దాన్నోసారి చూసి, కళ్లజోడు సర్దుకుని, కౌంటర్లోని మనిషిని ఇంకో కాగితం అడిగింది. కాసేపటికి మరో నాలుగు అడిగింది. మధ్యాహ్నం భోజనాల వేళకు కాగితాలన్నీ ఫారానికి దారంతో కుట్టాల్సివచ్చింది.

ఆవిడ రాసినవాటిలో కొన్ని మాత్రమే ఇక్కడ చెప్పుకోవచ్చు. (మిగతావి గుండెజబ్బువాళ్లు చదవకూడదని కేంద్రం వారే ముద్ర వేశారు.) దిగుడులో కుక్క అడ్డం రావడం. కుక్క వెనక కుక్కగలవాడు రావడం. వాడి చంకలో నిలువుటద్దం ఉండటం. చున్నీ చైనులో పడటం. నోట్లోకి తేనెటీగ దూరడం. నోరు మూసుకుని తొక్కితే ఊపిరాడకపోవడం. ఎదురుగాలి. వెనకగాలి (ఇది మరీ ప్రమాదం, మనిషి నమ్మేస్తుంది). బ్రేకు పడకపోవడం. బ్రేకు పడటం. కింద పడటం. ఎన్నాళ్లకూ కింద పడకపోవడం, దాంతో ధైర్యం వచ్చి గట్టిగా తొక్కడం.

మొత్తం నూట నలభై నాలుగు.

కూతురు రెండు అరచేతులతో మొహం కప్పుకుంది. "అమ్మా, పరువు తీస్తున్నావు."

"పరువు పోతే మళ్లీ తెచ్చుకోవచ్చు. మోకాలిచిప్ప పోతే ఎక్కడ తెస్తావే?"

ఫారం స్పోకుల నిర్ధారణ అధికారి ముందుకు వెళ్లింది. ఆయన సన్నటి మనిషి. తాళంచెవుల గుత్తిలా నమూనా స్పోకుల గుత్తి ఒకటి నడుముకు కట్టుకుని తిరుగుతాడు, నడిస్తే గజ్జెల చప్పుడవుతుంది. ఫారం తెరిచి మొదటి పేజీ చిరునవ్వుతో చదివాడు. రెండో పేజీలో నవ్వు ఆగింది. ఐదో పేజీ దగ్గర మంచినీళ్లు తాగాడు. తొమ్మిదో పేజీ దగ్గర లేచి, కిటికీలోంచి బయట నిలబెట్టిన తన సొంత సైకిలు వంక ఒకసారి చూసుకున్నాడు.

తిరిగొచ్చి కూర్చుని, పెన్ను మూత తీసి, అమ్మని అడిగాడు.

"ఇంకా?"

యాభై ఏళ్లుగా ఆవిడ నోరు తెరిస్తే శుభం పలకవే అన్నవాళ్లే గాని, ఇంకా అన్నవాళ్లు లేరు. పుట్టింట్లో తండ్రి ఊరుకోమన్నాడు. అత్తింట్లో అత్త దిష్టి తగులుతుందంది. మొగుడు చెవిలో దూది పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. ఇక్కడ మెడలో కార్డు వేసుకున్న ఒక ప్రభువు, పెన్ను పట్టుకుని, ఇంకా అంటున్నాడు. ఆవిడ కుర్చీ ముందుకు జరుపుకుంది.

"కూర్చుంటే చాలా ఉన్నాయి బాబూ," అంది.

ఆ సాయంత్రం అధికారి సైకిలు ఎక్కకుండా నడిపించుకుంటూ ఇంటికి వెళ్లాడు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. ఇకనుంచి ఫారంలో రాసిన ఒక్కో ప్రమాదానికి ఒక్కో స్పోకు వేయాలి (నోటితో చెప్పినవి లెక్కలోకి రావు). వెనకగదిలోంచి మేస్త్రిని పిలిపించారు. చేతులకు గ్రీజు, చెవిమీద పెన్సిలు, ముప్పై ఏళ్లుగా చక్రాలు అల్లుతున్నవాడు. ఫారం తిరగేసి, అమ్మాయిని ఎగాదిగా చూశాడు.

"ఈ పిల్లకి ఇరవై ఎనిమిది చాలండి. రాళ్ల దారి కాబట్టి ముప్పై రెండు వేద్దాం. సాయంత్రానికి ఇచ్చేస్తా."

"నూట నలభై నాలుగు," అన్నాడు అధికారి.

"సార్, అన్ని రంధ్రాలు పొడిస్తే రంధ్రాలే మిగుల్తాయి, రిమ్ము మిగలదు."

"రిమ్ము లేకపోతే అది వంకరపోయే ప్రమాదం కూడా ఉండదు కదా." అధికారి ఆ మాట నోట్ చేసుకున్నాడు. తనకే నచ్చింది.

ఆ వారంలోనే పై ఆఫీసు కళ్లు తెరిచింది. ఇంతవరకు 'లేవు' అని రాసిన రెండు వందల పన్నెండు మంది దరఖాస్తులు తిరగదోడాలని నిర్ణయించారు. ప్రమాదాలు లేవన్నవాడికి ప్రమాదాలంటే తెలియదన్నమాట, తెలియనివాడికి చక్రం ఇవ్వడమంత ప్రమాదం ఇంకోటి లేదు. మరి వీళ్లకు తెలియజెప్పేదెవరు? అలాంటి చదువు ఏ కాలేజీలోనూ చెప్పరు. అధికారి స్వయంగా అమ్మ ఇంటికి వెళ్లి, చెప్పులు బయట విడిచి, బతిమాలి తీసుకొచ్చాడు. ఎనిమిదో కౌంటరు తెరిచారు. మెత్త వేసిన కుర్చీ, స్టాంపు, గంట, 'భయముల పరిశీలకురాలు' అన్న బోర్డు.

అమ్మ ఆ కుర్చీలో కూర్చోవడం చూసి తీరాల్సిన దృశ్యం. చీర నలగనిచ్చేది కాదు. నోరు నొప్పెట్టేదాకా మాట్లాడి, ఇంటికెళ్లి పాట పాడుకుంటూ గిన్నెలు తోమేది. మొగుడు కంగారుపడి దూది తీసేశాడు.

"హెల్మెట్ బాగుంది నాన్నా," అనేది వచ్చిన కుర్రాడితో. "లోపల ఉన్నది ఎలా ఉంది?"

"గాలిలా తేలిపోయే చక్రాలు కావాలి పిన్నిగారూ. పందెంలో తొక్కుతా."

"తేలిపోతావు నాన్నా. తేలి ఎక్కడ దిగుతావో చెప్పు, రాసుకుంటా."

ఆ కుర్రాడు కళ్లు తుడుచుకుంటూ బయటికెళ్లి నడక బూట్లు కొనుక్కున్నాడు. రెండో రోజు మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డాడు, బూట్ల లేసులు ఊడితే పరిస్థితి ఏమిటో కనుక్కోవడానికి. జనం నలుగురైదుగురు జట్లుగా వచ్చేవారు. ఒకాయనకైతే సైకిలే లేదు. ఊరికే వినిపోదామని వచ్చానన్నాడు.

ఇంత సందడిలో కూతురి ఫైలు కదల్లేదు. దానికి భయముల పరిశీలకురాలి సంతకం కావాలి. అయితే పరిశీలకులు తమ రక్తసంబంధీకుల ఫైళ్లు ముట్టకూడదని నిబంధన. కాబట్టి ఫైలును రెండో పరిశీలకుడికి పంపారు. రెండో పరిశీలకుడు ఇంకా పుట్టలేదు, అంటే ఆ పోస్టు పుట్టలేదు.

"ఇరవై ఎనిమిదో తారీఖమ్మా ఈరోజు," అంది కూతురు, మధ్యాహ్నం కౌంటరు దగ్గరికి వచ్చి. వరసలోంచే వచ్చింది, పద్ధతి ప్రకారం.

"నా చేతుల్లో ఏముందే తల్లీ. నిబంధన."

"ఆ నిబంధన చెప్పేటప్పుడు నవ్వొస్తోంది నీకు."

అమ్మ స్టాంపు పెట్టె మూత సర్దింది. నవ్వు వచ్చిన మాట నిజమే. పిల్ల ఫైలు బీరువాలో ఉన్నంతకాలం పిల్ల కొండమీద లేదు. ఏ దేవుడూ ఇవ్వని ఆ భరోసా ఒక బీరువా ఇచ్చింది.

ముప్పయ్యో తారీఖు సాయంత్రం జనం పల్చబడ్డాక మేస్త్రి ఒక చక్రం పట్టుకుని ఎనిమిదో కౌంటరు ముందు నిలబడ్డాడు. ముప్పై రెండు స్పోకులది. అనుమతి లేకుండా, భోజనం వేళల్లో అల్లాడు.

"చూడమ్మా." సన్నటి విడి స్పోకు ఒకదాన్ని రెండు వేళ్లతో వంచి చూపించాడు. అది గడ్డిపరకలా వంగింది. తర్వాత చక్రాన్ని నేలమీద పడుకోబెట్టి, రెండు చెక్కలు పెట్టి, పైకెక్కి నిలబడ్డాడు. అతనిది తొంభై కిలోల ఒళ్లు. చక్రం కిమ్మనలేదు.

"ఒకదాన్నొకటి లాగి పట్టుకుంటాయమ్మా, అందుకే నిలబడుతుంది. వదులైతే వంకరపోతుంది. మరీ బిగిస్తే మాత్రం తెగుతుంది. నేను ముప్పై ఏళ్లలో తెంపినవన్నీ బిగించి తెంపినవే."

అమ్మ అతని మొహంలోకి చూసింది. తర్వాత పెన్ను తీసింది.

"బిగిస్తే తెగుతుందా," అంది. "ఇది నేను రాయనే లేదే." నూట నలభై ఐదో నంబరు వేసి రాసుకుంది.

మేస్త్రి కిందికి దిగి, చక్రాన్ని తిరిగి వెనకగదిలో పెట్టి, చేతులు తుడుచుకున్నాడు. నిబంధనల ప్రకారం చక్రం గుమ్మం దాటకూడదు. అతని సొంత సైకిలు సంగతి నిబంధనల్లో లేదు. దాన్ని బయట అమ్మకోసం ఎదురుచూస్తున్న అమ్మాయికిచ్చి, మా ఇల్లు దగ్గరేలే తల్లీ అని చెప్పి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. (ఇల్లు ఐదు కిలోమీటర్లు.)

ఒకటో తారీఖు పొద్దున్న ఏడింటికి కేంద్రం తలుపులు తీసేసరికే వరస మలుపు దాకా ఉంది. అమ్మ గంట కొట్టి మొదటి మనిషిని పిలిచింది. అప్పుడే కిటికీ అవతల కూతురు వెళుతోంది. చున్నీ నడుముకు గట్టిగా ముడేసింది. వెనక మడ్‌గార్డు లేదు, ముందు లైటు లేదు, ఉన్న ఒక్క బ్రేకూ పిల్లిలా అరిచింది. అమ్మ లేచింది. నూట నలభై ఐదూ ఒక్కసారి గొంతులోకి వచ్చి, ఏది ముందు బయటికి రావాలో తేల్చుకోలేక అక్కడే ఇరుక్కున్నాయి. పిల్ల ఒక చెయ్యి వదిలి ఊపింది. అది నూట నలభై ఆరోది. ఒక చెయ్యి వదలడం ఆవిడకు ఎప్పుడూ తట్టలేదు.

"అమ్మా, నా సంగతి," అన్నాడు వరసలో మొదటివాడు.

ఆవిడ కూర్చుంది. స్టాంపు రెండుసార్లు తలకిందులుగా వేసింది.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా ఫోను మోగింది. కూతురు పంపినది ఒకే మాట. చేరాను. అమ్మ దాన్ని రెండుసార్లు చదివి, రిజిస్టరు తెరిచి, ఎక్కడ రాయాలా అని అన్ని గడులూ వెతికింది. జరగని ప్రమాదాలకు గడి లేదు. దాంతో ఏం చెయ్యాలో తోచక, వరసలో ఉన్న నలభై మంది ఎదుటే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, పక్కవాళ్లకు ఏడుపో నవ్వో తేలనంత గట్టిగా ఊగిపోయింది. వరసలోని వాళ్లంతా జాగ్రత్తగా రెండడుగులు వెనక్కి వేశారు.

అమ్మాయి అప్పట్నుంచి రోజూ కొండెక్కి దిగుతోంది. మేస్త్రికి నడక అలవాటైంది. అమ్మకు పదోన్నతి వచ్చింది. ఏడాది తిరిగేసరికి కేంద్రం తన వార్షిక నివేదిక అచ్చువేసింది. కేంద్రం కట్టించిన చక్రాల మీద ఈ ఏడాది ఒక్క మనిషి కూడా కింద పడలేదు, ఒక్క మోచెయ్యి కూడా గీరుకోలేదు అని అందులో ఉంది. ఒక్క చక్రం కూడా గుమ్మం దాటలేదు కాబట్టి, వచ్చే ఏడాది కూడా ఈ రికార్డు ఇలాగే నిలుస్తుందని అధికారి ఆశాభావం వ్యక్తం చేశారు.