మంత్రిగారి సురక్షిత వైఫై

మన సమాచార శాఖ మంత్రిగారు ప్రజలను ఇంటర్నెట్ దొంగల బారి నుంచి కాపాడడానికి నడుం కట్టారు. ఈ సంగతి ఆయనే ప్రకటించారు. బస్టాండులో ‘సురక్షిత వైఫై వారోత్సవాలు’ ప్రారంభిస్తూ, “ఎవరిదో తెలియని వైఫై కనపడగానే ఎగబడి కనెక్టయ్యేవాడు, వీధి తలుపు బార్లా తీసి గుర్రుపెట్టి నిద్రపోయేవాడితో సమానం!” అని గర్జించారు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. కొడుతూ కొడుతూనే నా గుండె జారిపోయింది.

ఎందుకంటే మంత్రిగారిది మా ఎదురిల్లు. ఫోను తెరిస్తే ‘మంత్రి నివాసం’ అని వైఫై కనిపిస్తుంది. పాస్‌వర్డ్ లేదు, నొక్కితే చాలు. మా ఆవిడ మధ్యాహ్నం పూట కుట్టుపని నేర్పే వీడియో క్లాసు దాని మీదే నడుస్తోంది. నా ఉద్యోగం పోయాక మా ఇల్లు ఆ క్లాసు మీద నడుస్తోంది.

“ఇంటి వైఫైకి తాళం వేసేస్తాడంటారా?” అంది మా ఆవిడ.

“చెప్పినవాళ్లు పాటించాలి కదా.”

“మీదంతా కంగారు. పోయిన వారం నీళ్లు పొదుపు చెయ్యమని ఊరంతా తిరిగొచ్చాడు. అదుగో, ఆ కారు కడిగే పైపు కట్టారేమో చూడండి.”

చూశాను. కట్టలేదు. కాస్త ధైర్యం వచ్చింది.

మంత్రిగారికి అప్పటికే తలనొప్పులు చాలానే ఉన్నాయి. మా వీధిలోనే నాలుగిళ్ల అవతల ప్రతిపక్ష నాయకుడుంటాడు. పోయిన ప్రభుత్వంలో అదే శాఖకు మంత్రి. వీధిలో అందరూ ‘మాజీ’ అంటారు. మంత్రిగారు సభలో ఫైలు తెరవకముందే ఆయన లేచి అందులో ఏముందో చెప్పేసేవాడు. పత్రికలు ఆయన దూరదృష్టిని మెచ్చుకునేవి. రహస్యాలు బయటికి పోతున్నాయని మంత్రిగారు వంటమనిషిని, డ్రైవరును, టైపిస్టును మార్చేశారు. కాబోయే ముఖ్యమంత్రి ఇంట్లో ఇలాంటి ద్రోహులా అని పీఏ మా గుమ్మంలో నిలబడి వాపోయేవాడు. కాబోయే ముఖ్యమంత్రి అనే మాట ఆ ఇంట్లో రోజూ వినపడేది.

ఇంతలో ఒక విలేకరి కొంప ముంచాడు. “సార్, మరి మీ ఇంటి వైఫైకి పాస్‌వర్డ్ ఉందా?” అని అడిగాడు.

మంత్రిగారు పీఏ వైపు చూశారు. పీఏ చెప్పుల వైపు చూసుకున్నాడు.

“రేపు పొద్దున మీ అందరి ముందూ నేనే స్వయంగా ఆవిష్కరిస్తా,” అన్నారు మంత్రిగారు.

“అందరి ముందూ పెడితే అందరికీ తెలిసిపోతుంది కద సార్?”

“మా ప్రభుత్వంలో దాపరికాలుండవయ్యా!”

మర్నాడు అందరికంటే ముందు నేనే ఎదురింటికి వెళ్లాను. మంత్రిగారి మీద అభిమానం ఒకటి, పాస్‌వర్డ్ బట్టీ పట్టి మా ఆవిడకు చెప్పాలని ఒకటి. వేదిక మీద ఒక బోర్డుకు పట్టుగుడ్డ కప్పి ఉంచారు. టెక్నీషియన్ వచ్చి వైఫై డబ్బా ఎక్కడుందని అడిగాడు. హాల్లో అద్దాల బీరువాలో ఉంది. రిబ్బను కూడా అలాగే ఉంది.

“ఇది ప్లగ్గులో లేదు సార్,” అన్నాడు టెక్నీషియన్.

“ప్రారంభోత్సవం చేశాంగా?”

“చేశారు సార్. వైరు పెట్టలేదు.”

“మరి నేనీ ఇంట్లో దిగిన దగ్గర్నుంచీ నా ఫోనుకి నెట్టెలా వస్తోంది?”

“మీరు దేనికి కనెక్టయ్యారు సార్?”

“మంత్రి నివాసం అనుంది. నేను మంత్రిని. ఇంకెవరిదనుకోవాలయ్యా?”

టెక్నీషియన్ తన ఫోన్లో సిగ్నల్ గీతలు చూశాడు. ఫోను ముందుకు పట్టుకుని బయల్దేరాడు. హాల్లో సిగ్నల్ అంతంతమాత్రం. గేటు దగ్గర కొంచెం పుంజుకుంది. వీధిలోకొచ్చాక ఇంకా పెరిగింది. వెనకాల మంత్రిగారు, పీఏ, విలేకరులు, నేను. నాలుగిళ్లు దాటేసరికి సిగ్నల్ నిండుగా వచ్చింది. తలెత్తి చూస్తే మాజీ ఇంటి గేటు.

మాజీ వరండాలో కుర్చీ వేసుకుని ఫోను చూసుకుంటున్నాడు.

“రండి రండి. విలేకరులకి టిఫిన్లు పెట్టిద్దామని మీరంటే, దండగని మీ పీఏ మెసేజ్ పెట్టాడుగా. పాపం వాళ్లేం చేశారు? అందుకే నేను తెప్పించాను.”

మంత్రిగారు తన ఫోను వైపూ మాజీ వైపూ మార్చి మార్చి చూశారు. “ఈ వైఫై... మీదా?”

“పదవిలో ఉన్నప్పుడు పెట్టిన పేరండీ. పదవి పోయినా మార్చడానికి మనసొప్పలేదు.”

“మరి పాస్‌వర్డ్ ఎందుకు పెట్టలేదు?”

“పెట్టానండీ. మీరు ఈ వీధిలోకి వచ్చారని తెలిసి తీసేశాను.”

మన మంత్రిగారు సామాన్యులు కారు. వెంటనే విలేకరుల వైపు తిరిగి, “చూశారా, మా వారోత్సవాల మొదటి విజయం!” అన్నారు. విలేకరులు టిఫిను తింటూ రాసుకున్నారు.

ఆ మధ్యాహ్నమే మంత్రిగారి డబ్బాకు వైరు పెట్టారు. నిపుణుల కమిటీ కూర్చుని బ్రహ్మాండమైన పాస్‌వర్డ్ తయారు చేసింది. భద్రత దృష్ట్యా ఎవరికీ చెప్పకూడదని మంత్రిగారికి కూడా చెప్పలేదు. ‘మంత్రి నివాసం’ మాత్రం మాయమైంది. మా ఆవిడ కాలరు ఎలా తిప్పాలో చూపిస్తుండగా తెరమీద మొహాలన్నీ బిగుసుకుపోయి, ఆరిపోయాయి. ఆవిడ కత్తెర డబ్బాలో పెట్టి మూత వేసింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

మర్నాడు క్లాసు వేళకు ఆవిడే ఫోను పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

“ఏమండీ, కొత్త వైఫై వచ్చింది. పాస్‌వర్డ్ అడగట్లేదు. ఎవరిదంటారు?”

పేరు చదివాను: ‘కాబోయే ముఖ్యమంత్రి నివాసం’.

తలెత్తి ఎదురింటి వైపు చూశాను. మంత్రిగారు బాల్కనీలో నిలబడి ఫోను చూసుకుంటున్నారు. మొహం వెలిగిపోతోంది. అటూ ఇటూ చూసి, చొక్కా సర్దుకుని, ఒక్క వేలితో నొక్కారు.

క్లాసుకు టైమవుతోంది. మేమూ నొక్కాం.